బదనిక ఆకులో ఏముంది? ఏ చెట్టు మీదిదో ఎందుకు చూడాలి?

మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక ఆకుని ఒకటి విరిచి చూడండి. తోలులా దళసరిగా ఉంటుంది. వీడియోలో దాని అడ్డకోతను సూక్ష్మదర్శిని కింద చూపించాను. పైన మైనం లాంటి పొర, లోపల పత్రహరితం నిండిన కణాలు. అంటే తన తిండి చాలావరకు తనే తయారు చేసుకుంటుంది. చెట్టు నుంచి లాగేది ముఖ్యంగా నీళ్లు, ఖనిజ లవణాలు. పత్రరంధ్రాలు ఆకుకి రెండు వైపులా ఉంటాయి. ఎండలకి చెట్టు అల్లాడుతున్నా ఇది మాత్రం నీళ్లు తాగుతూనే ఉంటుంది, అవతలి కొమ్మ ఎండిపోతుంది.

ఆకు వగరు టానిన్ల వల్ల. క్వెర్సెటిన్, క్వెర్సిట్రిన్ అనే ఫ్లేవనాయిడ్లు కూడా ఉన్నాయి. ఆయుర్వేదంలో వందాకం అని వాడేది దీన్నే. అయితే అసలు సంగతి వేరే ఉంది. గన్నేరు మీద పెరిగిన బదనికని పరీక్షిస్తే గుండె మీద పనిచేసే గన్నేరు విషాలే అందులో దొరికాయి! కాబట్టి ఏ చెట్టుదో తెలియని ఆకుని కషాయం కాయొద్దు, పశువులకీ వెయ్యొద్దు.

తోటలో అయితే కాయలు పండకముందే, అతుక్కున్న చోటుకి కిందగా కొమ్మ కోసేయండి. ఉత్త ఆకులు తుంచితే మళ్లీ చిగురేస్తుంది. పండితే పిట్టలు ఆ జిగురు గింజల్ని పక్క చెట్లకి అంటిస్తాయి.