పోయిన ప్రాణము, మిగిలిన కుటుంబము

నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయమున పొడిచెడి యెద్దునుగూర్చి యొక విధి కలదు. తన యెద్దు పొడుచునని తెలిసియు, ఇరుగుపొరుగువారు హెచ్చరించినను యజమాని దానిని కట్టివేయకుండగా నది యొకని చంపినయెడల, ఆ దోషము ఎద్దుతో ముగియదు, యజమానికిని తగులును. నేడు మన బాటలపై లారీలును మోటారు సైకిళ్లును పరుగెత్తుచున్నవి. కాలము మారినను ప్రశ్న మారలేదు. దిక్కు కోల్పోయిన భార్యాబిడ్డలకు జవాబుదారి యెవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన గలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలోని యొక బాలుని తండ్రి, తాపీపనివాడు, లారీ తగిలి మరణించెను. వారము గడువకమునుపే లారీ యజమాని పక్షమున మధ్యవర్తి యొకడు వచ్చి, స్వల్పమైన పైకము చేతబెట్టి, ఇక నే తగవును లేదని వ్రాసిన కాగితముపై ఆ విధవరాలిచే వేలిముద్ర వేయించెను. అప్పులైనను తీరునుగదా యని, పుచ్చుకొమ్మని చెప్పినవాడను నేను. సాక్షిగా చేవ్రాలు చేసినవాడను నేను. వేసవి సెలవుల పిమ్మట ఆ బాలుడు బడికి రాలేదు. చదువుకొన్నవాడనైయుండియు చట్టము నెరుగనైతిని. మీరట్లుండకూడదని యీ పాఠము వ్రాయుచున్నాను.

నష్టపరిహారము దయాధర్మము కాదు; హక్కు. పరుల తప్పువలన నొకరు మరణించినయెడల భార్య, భర్త, తలిదండ్రులు, బిడ్డలు తమ నష్టమునకై దావా తెచ్చుటకు మన దేశమున 1855వ సంవత్సరమందే శాసనము పుట్టెను. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, ఇతరులకు గలుగు హానికై ప్రతి బండికిని భీమా యుండితీరవలెనని విధించెను. 1956వ సంవత్సరపు సవరణవలన ఇట్టి దావాలకై ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడుటకు వీలు కలిగెను. ఇప్పుడు అమలునందున్నది 1988వ సంవత్సరపు చట్టము.

ప్రాణమునకు వెల గట్టగలవారెవరు? న్యాయస్థానమును గట్టదు. పోయిన మనుష్యుడు ఇంటికి తెచ్చుచుండిన యన్నమును లెక్కించును. 2009, 2017 సంవత్సరములలో సుప్రీంకోర్టు ఈ లెక్కకు పద్ధతి నేర్పరచెను. ముప్పదిరెండేండ్ల తాపీపనివాడు నెలకు 12,000 రూపాయలు సంపాదించుచుండెననియు, భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి అతనిపై నాధారపడియుండిరనియు ననుకొందము.

సంవత్సరాదాయము రూ. 1,44,000.
నలుబదియేండ్లకు లోపువాడును, సొంతముగా పనిచేసికొనువాడును గనుక, మున్ముందు పెరుగగల యాదాయమునకై నూటికి 40 వంతున రూ. 57,600 కలుపగా రూ. 2,01,600.
ఆధారపడినవారు నలుగురు గనుక, అతని సొంత ఖర్చునకై నాలుగవ వంతు తీసివేయగా రూ. 1,51,200.
ఆ వయస్సునకు నిర్ణయించిన గుణకము 16. దానిచే హెచ్చవేయగా రూ. 24,19,200.

అంత్యక్రియల ఖర్చు మొదలగువానికిచ్చునది దీనికి వేరు. ఈ లెక్క మన పై తరగతి బాలుడెవడైనను చేయగలడు. ఆనాడు నేను చేయలేదు.

జీతము లేని గృహిణి మరణించినను ఆమె పనికి విలువ కట్టవలెనని 2021లో సుప్రీంకోర్టు మరల స్పష్టపరచెను. ఢీకొట్టి పారిపోయిన బండి జాడ తెలియనియెడల, 2022 ఏప్రిలు 1 మొదలు మృతుని కుటుంబమునకు రూ. 2,00,000 చెల్లించు పథకము కలదు. అర్జీని రెవెన్యూ అధికారియగు విచారణాధికారి కీయవలెను.

మీ వాడలో నిట్టి యాపద సంభవించినప్పుడు మొదట పోలీసువారికి ఫిర్యాదు చేయించుడు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, పోస్టుమార్టము రిపోర్టు, ఆదాయమును వయస్సును దెలుపు కాగితములు భద్రపరచుడు. ప్రమాదము జరిగిన చోటనే కాక, తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోను కుటుంబమువారు అర్జీ పెట్టుకొనవచ్చును. సవరించిన చట్టము దీనికి ఆరు మాసముల గడువు విధించినది గనుక ఆలస్యము తగదు. చదువరి చూడనిదే ఏ కాగితముపైనను వేలిముద్ర వేయనీయకుడు.

బండి గల తండ్రులకొక మాట. భీమా గడువు దాటనీయకుడు. ఈడు రాని కుమారునికి మోటారు సైకిలు అప్పగింపకుడు. ఎద్దును కట్టివేయుట యజమాని పని. కట్టివేయనినాడు పొరుగువాని బిడ్డ బడి మానవలసివచ్చును.