కొనుగోలుకు 17, నిల్వకు 14: వడ్లలో తేమ లెక్క

ధాన్యం కొనుగోలు కేంద్రాలకు వెళ్లే రైతులందరికీ కంఠతా వచ్చిన అంకె 17. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. దాంతో ఆ అంకె రాగానే ‘ఎండాయి’ అనుకుని, ఇంటి తిండికి ఉంచుకున్నవి కూడా బస్తాలకెత్తేస్తుంటారు. కానీ అది అమ్మకానికి పెట్టిన హద్దు. నెలల తరబడి ఇంట్లో ఉండాలంటే తేమ 14 శాతం మించకూడదు. ఆ మూడు శాతం కోసం ఇంకా ఎండబెడితే 100 కిలోలు సుమారు 96.5 కిలోలవుతాయి. తగ్గేది నీళ్ల బరువే, గింజ కాదు.

కోసిన తర్వాత కూడా గింజ బతికే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని, తనలోని పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తూ వేడినీ, నీటి ఆవిరినీ వదులుతుంది. తేమ ఎక్కువైనకొద్దీ ఈ శ్వాసక్రియ జోరందుకుంటుంది. పచ్చి వడ్ల కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఇందుకే. ఆ వెచ్చదనంలో బూజు పెరుగుతుంది, బియ్యం పసుపు రంగుకు తిరుగుతుంది. కొన్ని రకాల బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. మామూలుగా వండితే అది పూర్తిగా పోదు.

తేమ కొలిచే మీటరు లేకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో కొన్ని వడ్లు, కాస్త పొడి ఉప్పు వేసి మూత పెట్టి బాగా కుదిపి, పావుగంట ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. అంటకపోయినా ఇంకో ఎండ ఇవ్వడం మేలు. అయితే మండుటెండలో పలుచగా పరిచి వదిలేయకండి. గింజ లోపల పగుళ్లు వచ్చి, మరపట్టినప్పుడు నూక ఎక్కువవుతుంది. మధ్యమధ్య తిరగేస్తూ ఉండాలి.

ఇక పురుగు సంగతి. ‘నిన్నటిదాకా బియ్యం శుభ్రంగానే ఉన్నాయి, ఇవెక్కడివి?’ అని ప్రతి ఇంట్లోనూ అనుకుంటారు. ముక్కు పురుగు గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు లోపలే తిని పెరిగి, వెచ్చని వాతావరణంలో దాదాపు నెలకు బయటపడుతుంది. జల్లెడకు అది దొరకదు. ఊక చెక్కుచెదరని వడ్లలోకి దూరడం దానికి కష్టం కాబట్టి, బియ్యంగా కంటే వడ్లుగా దాచడమే నయం. వడ్లకు వేరే శత్రువు, వడ్ల చిలుక, ఉండనే ఉంది.

గాలి చొరబడని సంచులు ఇక్కడే పనికొస్తాయి. మూతి బిగించాక లోపలి ఆక్సిజన్‌ను పురుగులు, గింజలు కలిసి వాడేస్తాయి. అది 3 శాతం కంటే తగ్గితే గింజలో దాగినవి కూడా బతకలేవు. మన పాతర్లు కొంతవరకు ఇదే పద్ధతిన పనిచేసేవి. ఆ సంచిలో తడి వడ్లు పోస్తే మాత్రం పులిసిన కంపు కొడతాయి. ఒక్క చిల్లు పడినా ఫలితం ఉండదు, ఎలుకలను దూరంగా ఉంచాలి.

పురుగు కోసం ఇంట్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం పెట్టకండి. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫిన్ వాయువు వస్తుంది. పక్క గదిలో నిద్రపోయేవారి ప్రాణాలు కూడా తీస్తుంది. అందుకే వాటి వాడకాన్ని మన దేశంలో ప్రభుత్వ నిపుణులకు, అనుమతి పొందిన పురుగు నివారణ సంస్థలకు పరిమితం చేశారు.