గాజుతొట్టిలో ప్రవాళసీమ

నవరత్నాలలో ఒకటిగా లోకమెరిగిన పగడం నిజానికి రాయి కాదు. అతి చిన్న సముద్రప్రాణులు నిర్మించుకొన్న సున్నపు కట్టడం. ఉష్ణమండల సముద్రాలలో ఇటువంటి ప్రాణులు తరతరాలుగా పేర్చిన గూళ్ల సముదాయాలే ప్రవాళభిత్తికలు. లక్షద్వీప్, అండమాన్ దీవులు, మన్నార్, కచ్ సింధుశాఖలు భారతదేశంలో వీటికి నెలవులు. గోదావరి, కృష్ణానదులు తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి కారణంగా ఆంధ్రతీరం వీటికి అనుకూలం కాలేదు. పగడపు జీవులకు నిర్మలమైన, నిత్యం కదిలే ఉప్పునీరు కావాలి. ఇంటిలో గాజుతొట్టిలో వాటిని పెంచదలచినవారు మొదట తేల్చుకోవలసినవి రెండు: నీటి ఒరవడి, అడుగున పరచే ఇసుక. ఈ రెంటినీ వేర్వేరు విషయాలుగా భావించడం వల్లనే అనేక తొట్లు పాడవుతున్నాయి.

పగడం ఉన్నచోటు నుండి కదలలేదు. ఆహారమూ ప్రాణవాయువూ దాని వద్దకే రావాలి. మలినాలు దాని నుండి కొట్టుకొనిపోవాలి. దాని దేహాన్ని అంటిపెట్టుకొని పలుచని నిశ్చలజలపు పొర ఒకటి ఉంటుంది. ప్రవాహం బలంగా ఉన్నకొద్దీ ఆ పొర పలుచబడి వాయువుల మార్పిడి సులభమవుతుంది. 1998లో సముద్రజలాలు వేడెక్కి పగడాలు తెల్లబారి చనిపోయినప్పుడు కొన్ని మాత్రం ఎలా బ్రతికాయన్న ప్రశ్నను నాకమురా, వాన్ వొయిసిక్ అనే శాస్త్రజ్ఞులు పరిశీలించారు. వేగంగా పారే నీటిలోని పగడాలు వేడిని మెరుగ్గా తట్టుకొన్నాయని 2001లో వెల్లడించారు.

అయితే ఎంత వేగం? తొట్టిలోని నీటికి ఎన్ని రెట్లు నీటిని పంపులు గంటలో కదిలిస్తాయన్నది పెంపకందార్ల కొలత. మెత్తని పగడాలకు 10 నుండి 20 రెట్లు చాలు. కొమ్మలుగా పెరిగే ఆక్రొపోరా జాతికి 30 నుండి 40 రెట్లు కావాలి. అంటే 200 లీటర్ల తొట్టిలో మొదటివాటికి గంటకు 2,000 నుండి 4,000 లీటర్లు, రెండవవాటికి 6,000 నుండి 8,000 లీటర్లు. అంకె ఒక్కటే సరిపోదు. ఒకే దిక్కు నుండి సూటిగా తాకే ధార పగడపు మెత్తని కండను చీల్చివేస్తుంది. ఎదురెదురుగా అమర్చిన రెండు పంపులు వంతులవారీగా నడిస్తే నీరు సుడులు తిరుగుతూ అలలను తలపిస్తుంది. మూలలలో ఎర్రని జిగురుపొర కనిపించిందంటే అక్కడికి ప్రవాహం చేరడం లేదని అనుమానించాలి.

చిక్కంతా ఇసుక వద్ద వస్తుంది. ఒక మిల్లీమీటరు కంటె సన్నని ఇసుక ఆక్రొపోరాకు తగిన ఒరవడిలో నిలువదు. లేచి పగడాల మీద పడి వాటిని కప్పివేస్తుంది. ముతక ఇసుక నిలుస్తుంది గాని, దాని సందులలో ఆహారశేషాలు చేరి కుళ్లుతాయి. కనుక ముందు జీవులను, తరువాత వాటికి తగిన ప్రవాహాన్ని, ఆ ప్రవాహంలో నిలిచే ఇసుకను ఎంచుకోవడమే సరియైన క్రమం. 1980 దశకంలో మొనాకో సముద్రశాస్త్ర సంగ్రహాలయంలో జాబేర్ అనే శాస్త్రజ్ఞుడు మందమైన ఇసుకపొరనే ఆధారం చేసికొన్నాడు. ప్రాణవాయువు అందని లోతులో బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మారుస్తుంది. అదే దశకంలో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఏడీ కృత్రిమంగా అలలను పుట్టించి, శైవలాలచేత నీటిని శుభ్రపరచాడు. కొత్తవారికి 2, 3 సెంటీమీటర్ల పొర మేలు. 10 సెంటీమీటర్లకు మించిన పొరను కదిలిస్తే విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడవచ్చు.

ఇసుక ఆరగొనైట్ అనే సున్నపురూపమై ఉండాలి. నీటి క్షారగుణాన్ని ఇసుకే కాపాడుతుందన్న ప్రచారం మాత్రం అతిశయోక్తి. సముద్రజలపు సహజస్థితిలో అది కరిగేది స్వల్పమే. విశాఖ-భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి ఖనిజాలు కలిసి ఉంటాయి కనుక అది ఇందుకు పనికిరాదు. పగడాలను భారతతీరం నుండి సేకరించడమూ నేరమే. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో చేర్చారు.

రాత్రివేళ పంపులను ఆపడం మరింత ప్రమాదకరం. వెలుతురు లేనప్పుడు పగడాలలోని శైవలాలు ప్రాణవాయువును ఉత్పత్తి చేయవు. పగడాలు, చేపలు, ఇసుకలోని బాక్టీరియా అన్నీ దానిని వినియోగిస్తూనే ఉంటాయి. విద్యుత్తు కోతలు ఉన్న ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపును తొట్టి పక్కనే సిద్ధంగా ఉంచుతారు.