గాయని రే, ఏడేళ్లు ఆగిన ఆల్బమ్



రే అన్న పేరుతో పాడే లండన్ గాయని అసలు పేరు రేచల్ అగాథా కీన్. 1997 అక్టోబరు 24న దక్షిణ లండన్‌లోని టూటింగ్‌లో పుట్టింది. తల్లివైపు ఘనా, స్విట్జర్లాండ్ మూలాలు, తండ్రిది ఇంగ్లండ్. ఎమీ వైన్‌హౌస్, అడెల్ చదివిన బ్రిట్ స్కూల్లోనే చేరి రెండేళ్లకు మానేసింది. 2014లో కొన్ని పాటలు సౌండ్‌క్లౌడ్‌లో తనంతట తానే పెట్టుకుంది. వాటిలో ఒకటి ‘ఇయర్స్ అండ్ ఇయర్స్’ బృందం గాయకుడు ఆలీ అలెగ్జాండర్ చెవిన పడింది. అతను తన రికార్డు కంపెనీ పాలిడార్‌కు ఆమె గురించి చెప్పాడు. అలా పదిహేడేళ్ల వయసులో రే ఆ కంపెనీతో నాలుగు ఆల్బమ్‌ల ఒప్పందం మీద సంతకం పెట్టింది. మొదటి ఆల్బమ్ మాత్రం 2023 ఫిబ్రవరి 3న వచ్చింది, అదీ పాలిడార్ నుంచి కాదు.

ఆ మధ్యకాలమంతా ఆమె గొంతు వినపడుతూనే ఉంది. 2016లో డీజే జాక్స్ జోన్స్‌తో చేసిన ‘యూ డోంట్ నో మీ’, 2021లో డీజేలు జోయెల్ కోరీ, డేవిడ్ గెట్టాలతో చేసిన ‘బెడ్’ రెండూ బ్రిటన్ చార్టులో మూడో స్థానం దాకా వెళ్లాయి. బియాన్సే 2019లో పాడిన ‘బిగ్గర్’ పాట రచనలో రే పాలు ఉంది. అయితే డాన్స్ సంగీతంలో పాట మీద ముందుగా కనిపించే పేరు డీజేది. గాయని పేరు ‘ఫీచరింగ్’ తర్వాత వస్తుంది. తెలుగు సినిమాకు పాడేవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పాట ఊరంతా మోగుతుంది గానీ హీరో పాటగా, సంగీత దర్శకుడి పాటగా మోగుతుంది. అందులో అవమానం లేదు, పని దొరుకుతుంది, చెయ్యి తిరుగుతుంది. కానీ అలాంటి పాటలు పది ఆడినా గాయనికంటూ ఒక శ్రోతల వర్గం ఏర్పడుతుందన్న హామీ లేదు.

2021 జూన్‌లో రే తన ఆల్బమ్ ఆగిన సంగతి ట్విట్టర్‌లో బయటపెట్టింది. 2014 నుంచి ఒప్పందంలో ఉన్నా ఒక్క ఆల్బమ్ కూడా విడుదల చేయనివ్వలేదని, అప్పుడే వచ్చిన ఒక సింగిల్ ఎలా ఆడుతుందో చూశాకే ఆల్బమ్ మాట ఎత్తుదామన్నారని ఆమె ఆరోపణ. కొద్ది వారాల్లోనే రే, పాలిడార్ విడిపోయారు.

ఇలాంటి ఒప్పందాల్లో చదివేవాళ్లు పొరబడేది సాధారణంగా ఒక్క చోటే. నాలుగు ఆల్బమ్‌లంటే కంపెనీ నాలుగు ఆల్బమ్‌లు తెస్తుందని అనుకుంటారు. గాయని నాలుగు ఆల్బమ్‌ల మేరకు ఆ కంపెనీకే కట్టుబడి ఉండాలన్నది ఎక్కువ ఒప్పందాల్లో దాని అసలు అర్థం. తీసుకురావాలా, ఎప్పుడు, ఎంత ప్రచారంతో అన్నవి కంపెనీ ఇష్టం. మొదట్లో చేతికిచ్చే అడ్వాన్సు కూడా బహుమానం కాదు. గాయనికి రావలసిన రాయల్టీ నుంచి దాన్ని మినహాయించుకుంటారు. స్టూడియో ఖర్చు, ఒక్కోసారి వీడియో ఖర్చులో కొంత భాగం కూడా ఆ ఖాతాలోకే పోతాయి. పాట హిట్టయినా లెక్కల్లో అప్పు మిగిలే ఉండటం ఇలాగే.

ఒకే పాటలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ కలిసి ఒకటి. అది రాసినవారిది, కట్టినవారిది. ఆ పాటను ఒక గొంతు పాడగా స్టూడియోలో తయారైన రికార్డింగు, అంటే మాస్టర్, రెండోది. అది మామూలుగా డబ్బు పెట్టినవారి పేరుమీద ఉంటుంది. ఉత్త గాయనికి ఈ రెండింట్లో ఏదీ చెందదు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దని ఇళయరాజా లీగల్ నోటీసు పంపినప్పుడు తెలుగువాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. ఎవరి పక్షం ఎవరు తీసుకున్నా, నోటీసుకు ఆధారం ఈ తేడాయే. తన పాట తానే రాసుకోగల గాయని చేతిలో కనీసం ఒక ఆస్తి ఉంటుంది. రేని నిలబెట్టింది అదే.

విడిపోయాక ఆమె మరో పెద్ద రికార్డు లేబుల్‌తో ఒప్పందానికి పోలేదు. హ్యూమన్ రీ సోర్సెస్ అనే పంపిణీ సంస్థను ఎంచుకుంది. పంపిణీ సంస్థ పాటను అన్ని వేదికలకూ చేర్చి తన వాటా తీసుకుంటుంది, మాస్టర్ మాత్రం గాయని దగ్గరే ఉండిపోతుంది. ఈ కథను కంపెనీలు చెడ్డవి, స్వేచ్ఛ మంచిదని చెప్పేవారు ఒక విషయం వదిలేస్తారు. హ్యూమన్ రీ సోర్సెస్ కూడా సోనీకి చెందిన ది ఆర్చర్డ్ గొడుగు కిందిదే. సంస్థ ఎంత పెద్దదన్న దానికన్నా కాగితం మీద ఏ హక్కు ఎవరికి రాశారన్నదే ఇక్కడ లెక్కలోకి వచ్చింది.

ఆ ఆల్బమ్ పేరు ‘మై 21స్ట్ సెంచురీ బ్లూస్’. ముందుమాటలాంటి తొలి ముక్క, చివరి వీడ్కోలు కలిపి 15 భాగాలు. ఎక్కువ భాగం నిర్మాత మైక్ సబాత్‌తో కలిసి చేసింది. జాజ్, బ్లూస్, హిప్‌హాప్, డాన్స్ బీట్, చివర్లో చర్చి గాస్పెల్ ఛాయ, అన్నీ ఒకే చోట. ఏదో ఒక ధోరణికి కట్టుబడమని అడిగే సంస్థ దీన్ని సగానికి కోసి ఉండేదేమో. విషయాలూ తేలికైనవి కావు. ‘ఐస్‌క్రీమ్ మ్యాన్’ లైంగిక వేధింపుల గురించి, ‘బాడీ డిస్మార్ఫియా’ తన ఒంటిని తానే అసహ్యించుకోవడం గురించి, ‘మేరీ జేన్’ మత్తు గురించి. ఇందులో కొన్ని ఏళ్ల కిందటే రాసి పెట్టుకున్నవి. ర్యాపర్ 070 షేక్‌తో చేసిన ‘ఎస్కేపిజం’ 2022 అక్టోబరులో వచ్చి, టిక్‌టాక్‌లో వేగం పెంచిన రూపంలో పాకి, 2023 జనవరిలో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఆల్బమ్‌ది రెండో స్థానం. ఆ వారం పైనున్నది షనాయా ట్వెయిన్.

2024 మార్చి 2న బ్రిట్ అవార్డుల్లో రేకి ఏడు నామినేషన్లకు ఆరు బహుమతులు వచ్చాయి. ఒకే రాత్రి అన్ని గెలిచినవారు అంతకుముందు లేరు. బ్లర్, అడెల్, హ్యారీ స్టైల్స్‌లకు నాలుగేసి. రే గెలిచినవాటిలో ‘ఉత్తమ నూతన కళాకారిణి’ కూడా ఉండటం కాస్త నవ్వు తెప్పించే సంగతే, ఎందుకంటే పదేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. ‘ఉత్తమ గీత రచయిత్రి’ అన్నదానికే ఎక్కువ బరువుంది. రెండో ఆల్బమ్‌కు రాసుకున్న నోటుపుస్తకాలు తర్వాత ఆమె కారుతోపాటు దొంగల పాలయ్యాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘వేర్ ఈజ్ మై హస్బెండ్!’ ఆ దెబ్బ తర్వాతి పాట.

సొంతంగా బయటపడాలనుకునే ప్రతి గాయనికీ ఈ దారి పనికిరాదు. లేబుల్ వదిలేనాటికి రే దగ్గర ఏడేళ్ల సాధన, చార్టుకెక్కిన పాటలు, పరిశ్రమలో పేరు, రాసిన పాటల నిల్వ ఉన్నాయి. ఇవి లేనివాళ్లకు మంచి షరతులున్న చిన్న ఒప్పందమే నయం.

భారతదేశంలో పాడేవారికి చట్టం కొంత అండగా ఉంది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణలతో గాయనీగాయకులకు తమ ప్రదర్శన వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీ హక్కు స్పష్టమైంది. దాన్ని వసూలు చేసేందుకు 2013లో గాయనీగాయకుల హక్కుల సంఘం ఇస్రా ఏర్పడింది. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం దృష్టిలో చెల్లదు. అన్నిటికన్నా రే కథకు దగ్గరగా ఉన్నది కాపీరైట్ చట్టం 19వ సెక్షన్. హక్కు రాయించుకున్నవారు ఏడాదిలోపు దాన్ని వాడుకోకపోతే ఆ బదలాయింపు చెల్లకుండా పోతుంది. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని తీసుకోవాలి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప అన్న మినహాయింపు ఏడాది గడువుకు ఉంది, కంపెనీల కాగితాల్లో ఆ వేరే రాత మామూలుగా ఉండనే ఉంటుంది. కాబట్టి సంతకానికి ముందు లాయరుకు చూపించాల్సిన వాక్యం అదే: రికార్డింగు అందజేశాక ఎన్ని నెలల్లో విడుదల కావాలి, కాకపోతే మాస్టర్ ఎవరి చేతికి వస్తుంది.