మెరుపుదాడికి విరుగుడు పరుగు

పేరు ఫుట్‌బాలే గాని, అమెరికావారు ఆడే ఈ ఆటలో కాలికి పని తక్కువ. కొనలు తేలిన కోలబంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, లేదా విసురుతారు. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు జరగాలి. లేకుంటే బంతి అవతలివారికి పోతుంది.

బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. తనవాళ్లు ఖాళీ చోటికి చేరేదాకా అతడు రెండు మూడు సెకన్లు ఆగాలి. ఆ సెకన్లు అతనికి దక్కకుండా చేసే ఎత్తే 'బ్లిట్జ్'. జర్మన్ భాషలో ఈ మాటకు మెరుపు అని అర్థం. మామూలుగా నలుగురు మీదికి వస్తారనుకోండి, బ్లిట్జ్‌లో వెనుక కాపలా ఉండవలసినవారు కూడా కలిసి ఐదుగురో ఆరుగురో దూసుకువస్తారు.

ఇక్కడ ఒక చిన్న తీసివేత చేయండి. 11 మందిలో ఆరుగురు ముందుకు వస్తే వెనుక మిగిలింది ఐదుగురే! ముందువరుసను దాటిన పరుగువీరుడికి ఎదురు దాదాపు ఉండదు. కాని దాటడం ఎలా?

బస్సు హఠాత్తుగా ఆగితే మీరు ముందుకు తూలుతారు గదా? అదే జడత్వం. దూసుకువచ్చే ఆటగాడిదీ అదే అవస్థ. అతడు సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నాడు, పరుగువీరుడు అంతే వేగంతో ఎదురు వస్తున్నాడు అనుకుందాం. మధ్య దూరం 3.6 మీటర్లు. ఇద్దరూ కలుసుకోవడానికి పట్టే కాలం 3.6 ÷ 12 = 0.3 సెకను. కంటితో చూసి కాలు కదపడానికే సుమారు 0.2 సెకను కావాలి. మిగిలింది 0.1 సెకను! అంతలో ఎంత బలశాలియైనా పక్కకు కొద్ది సెంటీమీటర్లే జరగగలడు. చెడుగుడు ఆడినవారికి ఈ కిటుకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికంటే తమాషా అయినది 'ట్రాప్' అనే ఎత్తు. మీదికి వచ్చేవాణ్ణి ఎదురుగా అడ్డుకోరు. కావాలనే లోపలికి రానిచ్చి, పక్కనుంచి తోస్తారు. ఎందుకో లెక్క చూడండి. 100 కిలోల మనిషి సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తే ద్రవ్యవేగం 600. అతణ్ణి ఎదురుగా ఆపాలంటే 120 కిలోల ఆటగాడు సెకనుకు 5 మీటర్ల వేగం అందుకోవాలి. పక్కనుంచి అయితే 3 మీటర్ల వేగం చాలు. అడ్డంగా 360 ద్రవ్యవేగం చేరుతుంది. ద్రవ్యవేగం సదిశరాశి గనుక, ఇద్దరూ అతుక్కొని సుమారు 31 డిగ్రీలు పక్కకు మళ్లుతారు. (నేల ఘర్షణను మనం లెక్కలోకి తీసుకోలేదు.) వచ్చినవాడు ఆగలేదు, నిజమే. కాని దారి ఖాళీ అయింది!

మరో ఎత్తు 'డ్రా'. క్వార్టర్‌బ్యాక్ విసరబోతున్నట్లు వెనక్కి తగ్గి, అందరూ తనపైకి వచ్చాక బంతిని పరుగువీరుడి చేతిలో పెడతాడు. ఇది 1940లలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో పొరపాటున పుట్టిందని చెబుతారు. మీదపడుతున్నవారినుంచి తప్పించుకోలేక ఆటో గ్రాహం బంతిని మారియన్ మోట్లీ చేతిలో పెట్టేశాడట. మోట్లీ చూస్తే ఎదురుగా మైదానం ఖాళీ!

ప్రతిసారీ ఇది ఫలిస్తుందనుకోకండి. పరుగువీరుడు ఎంచుకున్న సందులోనుంచే దాడి వస్తే ఉన్న గజాలు కూడా పోతాయి.

1983 జనవరి 30న కాలిఫోర్నియాలో జరిగిన సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ జట్టు 13-17తో వెనుకబడి ఉంది. నాలుగో అవకాశం, కావలసింది సుమారు ఒక గజం. మయామీవారు ముందుభాగంలోనే గుమిగూడారు. అది అచ్చమైన బ్లిట్జ్ కాదు గాని, వెనుక ఖాళీ మాత్రం అలాంటిదే. వంద కిలోలు దాటిన జాన్ రిగ్గిన్స్ తన చొక్కా పట్టుకున్న ఒక్కణ్ణి విదిలించుకున్నాడు. ఒక గజం కోసం బయలుదేరినవాడు 43 గజాలు పరుగెత్తి గీత దాటాడు. వాషింగ్టన్ 27-17తో గెలిచింది.