కల్కిలో బలమెంత, లోపమెంత?

ప్రశ్న: ‘కల్కి 2898 ఏడీ’ అద్భుతమని నేను, అతుకుల బొంత అని మా దోస్తులు. ఎవరిది కరెక్టండీ?
– ఓ పాఠకుడు, తొర్రూరు

జవాబు: మీదే సగానికి పైగా కరెక్టు. 2024లో వచ్చిన ఈ సినిమాకు అసలు బలం దర్శకుడు నాగ్ అశ్విన్ కట్టిన లోకం. గంగ ఎండిన కాశీ, దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్, లోపలికెళ్లాలంటే అక్కడి డబ్బులో పది లక్షల యూనిట్లు! ఆకలితో పాటు ఆశకూ రేటు కట్టి చూపించాడు. లోపమల్లా హీరో భైరవ దగ్గరే. మొదటి సగంలో అతని హాస్యం కథను కదలనివ్వదు. ‘డ్యూన్’, ‘మ్యాడ్ మ్యాక్స్’ ఛాయలూ కనిపిస్తాయి. అయినా కాపీ అనను. అశ్వత్థామ శాపాన్ని కథకు ఇరుసు చేయడం మనవాళ్లకే తట్టాలి. అయితే 1991లో ‘ఆదిత్య 369’ అటు రాయల కాలానికీ ఇటు 2504కూ వెళ్లొచ్చి కథను ఒక్క సినిమాలోనే ముగించింది. ఇదేమో అసలు పోరును రెండో భాగానికి నెట్టేసింది. ఆ విషయంలో మీ దోస్తుల విసుగు న్యాయమే.