పదో నంబరు అంటే ఊరికి ఏం తెలుస్తుంది?

ప్రశ్న: మాది సముద్రపు ఒడ్డు ఊరు. తుఫాను హెచ్చరికలు మైకులో చెప్పినా సగం మంది కదలరు. ‘పోయినసారీ ఇలాగే అన్నారు, ఏమీ కాలేదు’ అంటారు. ఎలా చెప్పాలి?
– ఒక వార్డు సభ్యుడు, బాపట్ల జిల్లా

జవాబు: ముందు మైకులో ‘పదో నంబరు ప్రమాద సూచిక’ లాంటి నంబర్లు చదవడం మానండి. రేవుల్లో ఎగరేసే ఆ సూచికలు ఓడల కోసం పెట్టినవి, పూరింట్లో ఉన్న ముసలమ్మ కోసం కాదు. ‘రేకులు లేచిపోతాయి, ఉప్పునీరు రామాలయం దాకా రావచ్చు, చీకటి పడేలోపు హైస్కూలుకు చేరండి’ అని చెప్పండి. చాలామంది ఆగిపోయేది మొండితనంతో కాదు, గేదెల కోసం, ఇంటికి తాళం వేసి వెళ్తే దొంగలు పడతారన్న భయంతో. పశువుల పలుపులు విప్పమని, ఇళ్లకు కాపలా ఎవరుంటారో కూడా మైకులోనే చెప్పాలి.

ఇక పోయినసారి సంగతి. వాతావరణ శాఖ 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిస్తుంది. ఈలోగా తుఫాను దారి మళ్లవచ్చు. ఆ మాట దాచకండి. దాస్తేనే తర్వాత అబద్ధంలా కనిపిస్తుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు మీ వైపు ఉంటే మైకు వాళ్ల చేతికివ్వండి. అధికారుల కన్నా వాళ్ల మాటే వింటారు.

గాలి హఠాత్తుగా ఆగితే బయటికి రావద్దనీ చెప్పాలి. అది తుఫాను కన్ను. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడుతుంది. ఫోన్లనూ నమ్ముకోవద్దు; 2014 హుద్‌హుద్‌ తుఫానుకు విశాఖలోనే ఫోన్లు మూగబోయాయి. కాబట్టి బ్యాటరీ మైకు, డప్పు వేసే మనిషి, వీధికొక బాధ్యుడు – ఈ ఏర్పాటు అక్టోబరు రాకముందే చేసుకోండి.